రెండుసార్లే విరిగిన బుట్ట

బారెడు పొద్దెక్కే వేళకు హేలాపురి యువరాజు హేమాంగదుడు గాజుల మలారం భుజాన వేసుకుని, తలపాగా కనుబొమల దాకా లాక్కుని, త్వష్టపురి ఉత్తర ద్వారం ముందు నిలబడ్డాడు. కోట దళవాయి బొబ్బన్న అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"ఏ ఊరు నీది?"

"ఏ ఊళ్లో పెళ్లి బాజా మోగితే ఆ ఊరే దొరా."

బొబ్బన్నకు నవ్వొచ్చింది. ఆ నవ్వు రావడం యువరాజు అదృష్టం. హేలాపురి మనిషి త్వష్టపురి గోడల లోపల కనబడితే తల తీసేయాలన్నది అక్కడి శాసనం. అందుకు కారణం లేకపోలేదు. హేమాంగదుడి తండ్రి ప్రచండవర్మ పడుచుతనంలో ఈ నగరం మీద దండెత్తి వచ్చి, గెలవలేక, పోతూ పోతూ వీళ్ల ఊహల పందిరికి నిప్పు పెట్టిపోయాడు. కోటగోడ కూల్చి ఉంటే మరిచిపోయేవాళ్లేమో గాని, పందిరి కాల్చినందుకు మాత్రం త్వష్టపురి వాళ్లు ఇప్పటికీ పళ్లు నూరుతూనే ఉన్నారు.

ఇంత ప్రమాదమని తెలిసీ యువరాజు వచ్చింది చెల్లెలి కోసం. మందారికను పెళ్లాడతానని వచ్చిన మాంత్రికుడు ధూమకేశుణ్ణి ఆ పిల్ల నిండు కొలువులో, "నీ తల చూస్తే నాకు దగ్గొస్తోంది, ఇక వెళ్లిరా" అని పంపేసింది. జుట్టుకు బదులు పొగ సుడులు తిరిగే తల వాడిది. వాడు వెళుతూ వెళుతూ శపించాడు. ఆనాటి నుంచి మందారిక పాదాల మొదలు రాయిగా మారుతోంది. అన్న బయలుదేరేనాటికి రాయి నడుము దాకా వచ్చింది. "నాట్యం పంతులుగారి బాధ తప్పిందిలే అన్నయ్యా" అని నవ్వింది గాని, అన్న గుమ్మం దాటగానే ఏడ్చి ఉంటుందని హేమాంగదుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. అతనికి ఆ చెల్లెలంటే ప్రాణం.

విరుగుడు ఒక్కటే ఉంది. త్వష్టపురికి తూర్పున బుసగండి అనే అగాధం. దాని నడిమధ్యన, ఏ గట్టుకూ అంటకుండా, సూదిరాయి అనే శిఖరం. ఆ శిఖరం కొన మీద నీలి తేనెటీగల పట్టు. ఆ తేనె ఒక్క చుక్క నాలుక మీద పడితే చాలు, రాయి మళ్లీ ఒళ్లవుతుంది. నాలుకే రాయైపోతే ఇక తేనె తెచ్చీ లాభం లేదు. కులదేవత మెడలో ఉండి వచ్చిన పగడాల పేరొకటి మందారిక అన్న ముంజేతికి చుట్టి పంపింది. రాయి పైకి పాకినకొద్దీ అందులో ఒక్కొక్క పగడం బూడిద రంగుకు తిరుగుతుంది. ఆ ఉదయానికి సగం పైగా తిరిగిపోయాయి.

త్వష్టపురి రాజవీథి చూసినవాళ్ల కళ్లు చెదిరిపోతాయి. ఇరువైపులా ఏడంతస్తుల మేడలు. ప్రతి మేడకూ ఏతాము తొక్కేవాడు లేకుండానే నీళ్లు పైకెక్కించే చక్రాలు. చక్రాల అంచుల నుంచి జారే తుంపరల్లో పొద్దెండ పడి వీథి పొడుగునా ఇంద్రధనుస్సులు. గడప మీద కాలు పెడితే తెరుచుకునే తలుపులు, గొంతు సవరించుకుంటే తాంబూలం అందించే ఇత్తడి నెమళ్లు, వాన చినుకు పడగానే తమంతట తామే విచ్చుకునే గుడారాలు. ఇవన్నీ ఏ దేవతో వరంగా ఇచ్చినవి కావు. ఒక్కొక్కటీ ఎవరో ఒకరి బుర్రలో పుట్టి, ఊహల పందిరి కింద నలిగి బయటపడ్డవే.

ఆ పందిరి నగరం నడుమ ఉంది. దాని కింద కమ్మరులు, వడ్రంగులు, మేదరులు, సాలెలు, అద్దకపువాళ్లు కిక్కిరిసి కూర్చున్నారు. ఒక స్తంభం పక్కన తొడ మీద నార పురిపెడుతున్న పడుచు ఒకతె హేమాంగదుణ్ణి చూసి, "కూర్చోవయ్యా గాజులయ్యా. ఇక్కడ నిలబడ్డవాళ్లను గుంజలనుకుని మోకులు కట్టేస్తాం" అంది. ఆమె పేరు చెంగల్వ. ఆ నగరంలో ఆమె పేనిన మోకు తెగిందన్న మాట ఎవరూ వినలేదు.

పందిరి పెద్ద చెన్నవ్వ అనే ముదుసలి. ఆమె హేమాంగదుడి మొర విన్నది. చెల్లెలికి జబ్బనీ, సూదిరాయి తేనె కావాలనీ అతను ఉన్నమాటే చెప్పాడు. ఊరు, పేరు మాత్రం దాచాడు.

"సరే అబ్బీ, పందిరి కట్టు విను" అంది చెన్నవ్వ. "ఈ పూట దీపం కొండెక్కేదాకా ఎవరికి తోచింది వాళ్లు చెప్పొచ్చు. ఎంత పిచ్చిదైనా సరే. చెప్పినదానికి గుర్తుగా ఒక మట్టిముద్ద ఈ చాప మీద పెడతాం. దీపం వెలుగుతున్నంతసేపూ 'కుదరదు' అన్న మాట ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, కొలిమికి నీళ్లు మోయాల్సిందే. పని అడిగినవాడు కూడా ఒక ఊహ చెప్పి తీరాలి. అడుక్కునేవాడిలా ఊరికే కూర్చుంటే మేమొప్పుకోం."

ఇక మొదలయింది. రాబందులకు తర్ఫీదిచ్చి వాటి కాళ్లకు ఉట్టి కట్టాలన్నాడొకడు. బుసగండి నిండా ఇసుక పోసెయ్యాలన్నాడు ఇంకొకడు. గండి అంచున తాటిచెట్టు నాటి, పెరిగాక శిఖరం వైపు పడేట్టు నరకాలని ఒక ముసలాయన తీరిగ్గా సెలవిచ్చాడు. మేకతోళ్లలో పొగ నింపితే పైకి లేస్తాయని ఒక చాకలి ఇల్లాలు చెప్పింది. మనిషిని పెద్ద ఒడిసెలలో పెట్టి విసరమన్నాడొకడు. "అయ్యో, అదెలా కుద..." అని దళవాయి బొబ్బన్న నాలిక కరుచుకున్నాడు గాని అప్పటికే ఆలస్యమైపోయింది. పందిరంతా గొల్లుమంది. అంత పెద్ద మీసం పెట్టుకుని దళవాయిగారు కుండ నెత్తికెత్తుకుని కొలిమి వైపు నడిచారు. చాప మీద మట్టిముద్దలు గుట్టపడ్డాయి.

హేమాంగదుడి వంతు వచ్చింది. ఖడ్గవిద్యలో అతనికి ఎదురులేదు గాని, ఇలాంటి చోట బుర్ర పనిచేయడం లేదు. చిన్నప్పుడు మేడ మీద చెల్లెలితో ఎగరేసిన గాలిపటం తప్ప మరేదీ గుర్తుకు రాలేదు. మందారిక గాలిపటం ఎప్పుడూ గోపురం కొనకు చిక్కుకునేది. దారం తెంపుకోకుండా అది కిందికి దిగేది కాదు.

"గాలిపటం ఎగరేస్తే..." అని ఆగిపోయాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఎవరూ నవ్వలేదు. చెన్నవ్వ ఒక ముద్ద తీసి మిగతావాటి పక్కన పెట్టింది, అంతే.

అందరికన్నా చివర, వెనక వరుసలోంచి ఒక ముసలి కంచరి లేచాడు. దూరదేశం వాడట. బరువైన తలపాగా, బొంగురు గొంతు. "నా దగ్గర ఇత్తడి పక్షి ఉంది. దాని వీపున కూర్చుంటే చాలు, నిమిషంలో సూదిరాయి మీద దించుతుంది" అన్నాడు. హేమాంగదుడి ప్రాణం లేచివచ్చింది. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు.

మర్నాడు చెరిగే పని. చెన్నవ్వ ఒక్కొక్క ముద్దనే చేటలో వేసి మూడు ప్రశ్నలు వేసింది. దేంతో చేస్తావు? ఎవరు చేస్తారు? తప్పితే ఎవరు చస్తారు? రాబందుల ముద్ద మొదటి ప్రశ్నకే ఎగిరిపోయింది. తాటిచెట్టు పెరిగేదాకా రోగి ఆగలేదన్నారు. ఇసుక మోయడానికి ఏడు రాజ్యాల ఎడ్లు చాలవన్నారు. చాకలి ఇల్లాలి పొగతోలు ముద్దను మాత్రం "ఇది ఇవాళ్టిది కాదు, రేపటిది" అని చెన్నవ్వ భద్రంగా అటక మీద పెట్టించింది.

గాలిపటం ముద్ద చేటలో పడింది. "మనిషిని మోసే గాలిపటం ఎక్కడుందవ్వా? పారేసేయండి" అన్నాడు హేమాంగదుడే.

"నీ ఊహను నువ్వే పారేస్తావేమయ్యా?" అంటూ చెంగల్వ పురిపెట్టడం ఆపింది. "గాలిపటం మనిషిని మొయ్యక్కర్లేదు. దారాన్ని మోస్తే చాలు. సూదిరాయి కొన రెండుగా చీలి ఉంది, ఆ చీలిక మీదుగా గాలిపటాన్ని ఆవలి గట్టుకు పోనిద్దాం. అక్కడ మనవాళ్లుండి దాన్ని పట్టుకుంటారు. దారానికి పురికొస కట్టి లాగుతారు. పురికొస వెంట పగ్గం, పగ్గం వెంట మోకు. మోకు రెండు గట్లకూ బిగిశాక దానికి గిలక, గిలకకు బుట్ట, బుట్టలో నువ్వు."

హేమాంగదుడు ఆమె వంక నోరు తెరుచుకు చూశాడు. తాను సిగ్గుపడుతూ పారేసిన మాటకు ఈ పిల్ల ఇల్లు కట్టేసింది.

"తప్పితే ఎవరు చస్తారు?" అంది చెన్నవ్వ.

"నేను. నేనొక్కణ్ణే" అన్నాడు హేమాంగదుడు.

చేటలో చివరికి మిగిలినవి రెండే: ఇత్తడి పక్షి, గాలిపటం. ఇక చివరి కట్టు ఉంది. త్వష్టపురిలో ఏ వస్తువునైనా చేసినవాడే నలుగురి ఎదుటా మూడుసార్లు విరగ్గొట్టాలి. విరిగిన చోటు వేలితో చూపి "ఇక్కడ విరిగింది" అని అరవాలి. సభ "విన్నాం" అనాలి. ఆ చోటు బాగుచేసి, మళ్లీ విరగ్గొట్టాలి. ఎక్కడ విరుగుతుందో తెలియని వస్తువును ఆ నగరంలో పసిపిల్ల చేతికి కూడా ఇవ్వరు.

తెల్లవారి ఇత్తడి పక్షిని పందిరి ముందుకు తెచ్చారు. ఏనుగు గున్నంత ఉంది. రెక్కల మీద వేయి ఈకలు, ఒక్కొక్క ఈక మీద ఒక్కొక్క కన్ను, కంటికొక్క కెంపు. మెడ తిప్పితే సంధ్యాకాంతి చుట్టూ తిరిగినట్టుంది. హేమాంగదుడు ముంజేతి పగడాలు చూసుకున్నాడు. రాయి గుండె దాకా వచ్చింది.

"అవ్వా, దీన్ని విరగ్గొడితే మళ్లీ చేసేదెప్పుడు? నా చెల్లెలికి వ్యవధి లేదు. ఈ ఒక్కసారికి వదిలేయండి. నేనెక్కి పోతాను" అని చేతులు జోడించాడు.

"వదిలెయ్యడానికి అదేం నా సొంత సొమ్మా? కట్టు కట్టే" అంది చెన్నవ్వ.

ముసలి కంచరి నవ్వి సమ్మెట ఎత్తాడు. ఖణేలుమని రెక్క మీద మోదాడు. సమ్మెట తల ఊడి అల్లంత దూరాన పడింది. రెక్క మీద గీత కూడా పడలేదు. మరో సమ్మెట తెప్పించి మెడ మీద కొట్టాడు, అదీ అంతే.

"చూశారా! ఎంత గట్టిదో!" అని హేమాంగదుడు చప్పట్లు కొట్టాడు.

చప్పట్లు అతనొక్కడివే. పందిరి కింద అందరూ ఒక్క అడుగు వెనక్కి వేశారు. తల్లులు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు. అంత వింతైన పక్షిని చూసి భయపడనివాళ్లు, అది విరగకపోయేసరికి భయపడ్డారు.

"చేత్తో చేసినదానికి ఎక్కడో ఒక అతుకుంటుంది. అతుకు లేనిది చేసింది కాదు, మంత్రించింది" అంటూ చెన్నవ్వ ముందుకు నడిచి, కంచరి తలపాగాను ఒక్క లాగు లాగింది. గుప్పున పొగ లేచింది.

"ధూమకేశుడు!" అని హేమాంగదుడు మలారం పారేసి, అందులో దాచిన కత్తి దూశాడు.

మాంత్రికుడు పకపక నవ్వుతూ పక్షి వీపు మీదికి దూకాడు. "కాసేపు ఓపిక పట్టి ఉంటే నిన్ను బుసగండిలో హాయిగా పారేసేవాణ్ణి గదరా!" అన్నాడు. కెంపు కళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. రెక్కల గాలికి పందిరి సగం లేచిపోయింది. హేమాంగదుడు ఒక్క గంతులో పక్షి కాలు పట్టుకున్నాడు. అది ఏడంతస్తుల మేడల మీదికి లేచింది. కింద వీథులు దారాల్లా సన్నబడ్డాయి. అతను ఒక చేత్తో వేలాడుతూనే కత్తి విసిరాడు. ఇత్తడి తగిలి కత్తి రెండు ముక్కలైంది. పక్షి మెడ వంచి ముక్కుతో అతని వేళ్లు పొడిచింది. అతను పట్టు మార్చాడు. అది మళ్లీ పొడిచింది. ఇక వేళ్లు నిలవలేదు. గిరగిర తిరుగుతూ కిందికి పడి, అద్దకపువాళ్ల వీథిలో నీలిమందు తొట్టిలో మునిగాడు.

పైనుంచి ధూమకేశుడి గొంతు నగరమంతా మోగింది: "త్వష్టపురి వాసులారా! ఆ నీలి తొట్టిలో ఉన్నది గాజులమ్మేవాడు కాదు. మీ పందిరి తగలబెట్టిన ప్రచండవర్మ కొడుకు!" పక్షి తూర్పుకు తిరిగి బుసగండి వైపు సాగిపోయింది.

హేమాంగదుడు తొట్టిలోంచి లేచేసరికి చుట్టూ బల్లేలు. తల నుంచి కాలి దాకా నెమలికంఠం రంగు. బొబ్బన్న అతని రెక్కలు విరిచికట్టి పందిరికి ఈడ్చుకొచ్చాడు. నవ్వించినందుకు లోపలికి రానిచ్చిన పాపానికి దళవాయి కోపం రెట్టింపైంది. "తల తీసేయాలి!" అన్నారు వెనక వరుసలవాళ్లు. "పందిరి కాల్చినవాడి కొడుకు!" అన్నారు ముందు వరుసలవాళ్లు.

హేమాంగదుడు తల వంచుకోలేదు. "నేనే. అబద్ధమాడి వచ్చాను. చెల్లెలి జబ్బు మాత్రం అబద్ధం కాదు. ఆ తేనె ఎవరైనా తీసుకెళ్లి దానికిస్తామంటే నా తల ఇప్పుడే తీసుకోండి" అన్నాడు.

కాలిన పాత పందిరి స్తంభం ఒకటి గుర్తు కోసం అలాగే ఉంచారు. చెన్నవ్వ దాన్ని ఆనుకుని కూర్చుంది.

"తప్పితే ఎవరు చస్తారని అడిగితే 'నేను' అన్నాడు వీడు. అప్పుడు వీడి పేరు అడగలేదు మనం" అంది చివరికి. "పందిరి కింద పెట్టిన పని పందిరిది. ముందు పని కానివ్వండి. తల సంగతి తిరిగొచ్చాక తేలుద్దాం."

సణుగుతూనే అందరూ పనిలో దిగారు. చెంగల్వ మోకు పేనింది. మేదరులు బుట్ట అల్లారు. దానికి నాలుగు వైపులా వెదురు చెవులు పెట్టి, వాటికి తాళ్లు కట్టి, తాళ్లను గిలకకు తగిలించారు. రెండు కోట బురుజుల నడుమ మోకు బిగించి, బుట్టలో ఇసుక బస్తాలు వేసి, హేమాంగదుడు తన చేత్తోనే గిలక లాగాడు. మొదటిసారి బుట్ట అడుగు ఊడిపోయింది. "ఇక్కడ విరిగింది!" అని అరిచాడు. "విన్నాం" అన్నారు జనం. అడుగు రెట్టింపు అల్లారు. అల్లి, బంక పూసి, ఆరేసరికి ఒక రోజు పోయింది. రెండోసారి బురుజు రాతి అంచుకు రాసుకుని మోకు తెగింది. చెంగల్వ పేనిన మోకు తెగడం అదే మొదలు. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది గాని, అందరికన్నా గట్టిగా "విన్నాం" అన్నది ఆమే. కొత్త మోకు పేని, రాతికి తగిలే చోట దున్నపోతు తోలు తొడిగి కుట్టింది. దానికి ఇంకో రోజు.

"ఇక మూడోది. గండిలో పక్కగాలి ఉంటుంది. కొలిమితిత్తులన్నీ తెచ్చి బుట్టకు పక్కనుంచి గాలి కొట్టిద్దాం" అంది చెంగల్వ.

హేమాంగదుడు ముంజేయి చూపించాడు. కొసన నాలుగైదు పగడాలు తప్ప తక్కినవన్నీ బూడిదే. రాయి మెడ మొదట్లో ఉంది. "విరిగితే మళ్లీ అల్లాలి, మళ్లీ ఆరాలి. ఇంకో రోజు ఆగితే తేనె ఎవరి నోట్లో పోయను చెంగల్వా?"

"రాకుమారా, సగం బుట్ట నాది. నా సగం ఇంకా విరగలేదు" అంది చెంగల్వ.

చెన్నవ్వ నిట్టూర్చింది. "విరవకుండా ఇచ్చే అధికారం నాకు లేదబ్బీ. చేసినవాడు తన వస్తువును ఎత్తుకుపోతానంటే ఆపే అధికారమూ లేదు. రేపు ఏమైనా పందిరిని అనకు."

హేమాంగదుడు బుట్ట నెత్తికెత్తుకున్నాడు. చెంగల్వ కాసేపు గుడ్లురిమి చూసింది. తరువాత మోకు చుట్ట భుజాన వేసుకుంది. "సగానికి కోసి ఇవ్వలేను గదా. పద."

బుసగండి పేరుకు తగ్గట్టే బుసకొడుతోంది. అడుగున ఏముందో ఎవరూ చూడలేదు. ఆకుపచ్చని ఆవిరి తప్ప మరేమీ కనబడదు. ఆవిరి మీంచి సూదిరాయి నిటారుగా లేచి ఉంది. మధ్యాహ్నపు ఎండలో దాని పక్కలు అద్దంలా మెరుస్తున్నాయి, కొన దగ్గర రెండు కొమ్ముల చీలిక, చీలిక పక్కన నీలంగా కదిలే తేనెపట్టు. ఇత్తడి పక్షి జాడ మాత్రం ఎక్కడా లేదు. బొబ్బన్న రౌతులు చుట్టుదారిన ముందే ఆవలి గట్టు చేరి జెండా ఊపారు.

గాలిపటం హేమాంగదుడే ఎగరేశాడు. ఆ ఒక్క విద్యలో అతనికి చెల్లెలు గురువు. రెండుసార్లు అది కొమ్ము తగిలి పల్టీ కొట్టింది. మూడోసారి దారం వదిలి, లాగి, మళ్లీ వదిలి, సరిగ్గా చీలిక మీదుగా ఆవలికి పంపాడు. రౌతులు పట్టుకున్నారు. దారం వెంట పురికొస పోయింది. పురికొస వెంట పగ్గం, పగ్గం వెంట మోకు. తోలు తొడిగిన చోటు చీలికలో కూర్చోగానే రెండు గట్ల మీదా మోకును బండలకు బిగించారు. చాప మీద మట్టిముద్దగా ఉన్న మాట ఇప్పుడు గండి మీద దారి అయింది.

హేమాంగదుడు బుట్టలో కూర్చుని రెండు చేతులా మోకు పట్టి ముందుకు లాక్కోసాగాడు. నీలిరంగు ఇంకా వదలలేదు. "ఈగలు నిన్ను చూసి చుట్టమనుకుంటాయిలే!" అని చెంగల్వ వెనకనుంచి అరిచింది. ఆమె గొంతులో నవ్వు లేదు.

సగం దూరం హాయిగా సాగింది. అడుగు ఊడలేదు. మోకు తెగలేదు. ఆ తరువాత గండి గాలి పక్కకు తిరిగింది.

మొదట బుట్ట ఊగింది. తరువాత తిరగడం మొదలుపెట్టింది. పైన గిలక తిరగదు, కింద బుట్ట ఆగదు; తాళ్లు ఒకదాని మీద ఒకటి మెలిపడ్డాయి. మెలి బిగిసినకొద్దీ కిర్రు కిర్రుమని చప్పుడు. ఆ చప్పుడు ఎక్కడిదో హేమాంగదుడు వెతికాడు. అడుగు కాదు. మోకు కాదు. ఎడమ వైపు వెదురు చెవి సన్నగా చీలుతోంది. కొలిమితిత్తులు తెచ్చి గాలి కొట్టించి ఉంటే ఈ చీలిక కోటలోనే, నేలకు నిలువెత్తులో, ఇసుక బస్తాల మీద కనబడేది. తాను ఆపిన మూడో విరుపు ఇదేనని అతనికి తెలిసిపోయింది.

ఫెళ్లుమని చెవి ఊడింది. బుట్ట ఒక పక్కకు ఒరిగిపోయింది. హేమాంగదుడు ఎగిరి మోకు పట్టుకునేలోపల రెండో చెవి, మూడో చెవి వరసగా ఊడాయి. చివరిదీ ఊడి, బుట్ట తిరుగుతూ తిరుగుతూ ఆకుపచ్చని ఆవిరిలో పడిపోయింది. అది అడుగు తాకిన చప్పుడు వినబడనే లేదు.

ఇప్పుడతను మోకుకు రెండు చేతులతో వేలాడుతున్నాడు. ముంజేతి మీద పగడాలు కళ్లకు దగ్గరగా ఉన్నాయి. అతను చూస్తుండగానే ఒకటి ఎరుపు వదిలింది. ఇక మిగిలినవి రెండు. వెనక్కి పోతే బతకొచ్చేమో. ముందుకు పోతే తేనె అందొచ్చేమో. ఈ చేతులు ఏదో ఒక దిక్కుకే చాలతాయి. అతను ముందుకే కదిలాడు. కదిలేముందు చేయవలసిన పని ఒకటుంది. తాను పడిపోతే ఇంకెవరో ఒకరు ఇదే దారిన రావాలి. వాళ్ల బుట్ట ఇదే చోట విరగకూడదు. చూపించడానికి వేలు ఖాళీ లేదు గనుక గొంతు చించుకుని అరిచాడు:

"చెంగల్వా! అడుగు కాదు! మోకు కాదు! పక్కగాలికి బుట్ట తిరిగింది! చెవి దగ్గర! చెవి దగ్గర విరిగింది!"

గండి బుస తప్ప మరేదీ వినబడలేదు. అతను చేయి మార్చి చేయి వేసి రాయి వైపు జరిగాడు. అరచేతులు చీరుకుపోయి నీలిరంగు మీద నెత్తురు కారింది. గాలి ఒక్క క్షణం ఆగింది. అప్పుడు వెనక గట్టు నుంచి, సన్నగా, ఏడుపు ఆపుకుంటున్న గొంతుతో చెంగల్వ జవాబు వచ్చింది.

"విన్నాం!"

హేమాంగదుడికి కొండంత ధైర్యం వచ్చింది. మిగిలిన బలమంతా కూడదీసుకుని చివరి బారలు జరిగి, చీలికలోని తోలు తొడుగు మీద చేయి వేశాడు.

"విన్నాం" అని అదే మాట మరోసారి వినబడింది. ఈసారి గట్టు మీంచి కాదు, సరిగ్గా అతని తల పైన, కొమ్ము చాటునుంచి. వేయి కెంపు కళ్లు ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. వాటి నడుమ పొగ సుడులు తిరుగుతున్న తల ఒకటి వంగి, మోకు మీది తోలు తొడుగును విప్పడానికి దాని కుట్టు ఎక్కడుందా అని వెతుకుతోంది.